ఆరో కట్టె

సమ్మవ్వ కట్టెను సగం దాకా పొయ్యిలోకి తోసింది. రెండో కొసను ఆమె మొగుడు పోశం పట్టుకున్నాడు.

ఇద్దరూ గుంజుకోలేదు. ఊరికే పట్టుకొని నిలబడ్డారు. బొగ్గుల పొయ్యి అప్పుడప్పుడే రాజుకుంటోంది. పొగకు ఇద్దరి కండ్లూ ఎర్రబడ్డాయి. వెనక అర్రలో సమ్మవ్వ చెల్లెలు ఎల్లక్క గోడ దిక్కు తిరిగి పడుకొని ఉంది. ఎల్లక్క కూతురు సుగుణ గోదావరిలో మునిగిపోయి ఎనిమిదో దినం. తన క్వార్టర్‌లో తాను ఉండలేక అక్క ఇంటికొచ్చి చాప మీద పడ్డ మనిషి, మళ్ళీ లేవలేదు. అందుకే ఆ పొద్దు మొగుడూ పెళ్ళాల కొట్లాట నోట్లో లేదు, చేతుల్లో ఉంది.

"ఇడువు," అంది సమ్మవ్వ.

"నువ్విడువు."

"గిది ఇంట్ల ఉంటే మనం ఉండం. ఇడువు."

పోశం కట్టెను బయటికి లాగాడు. కొసకు అంటుకున్న నిప్పును అరిచేత్తో నలిపేశాడు. ఇరవై రెండేండ్లు బొగ్గుబాయిలో గని పని చేసిన చెయ్యి, దానికి కాలింది తెలియలేదు.

కట్టె ఛాతీ ఎత్తు ఉంటుంది. టేకుది. పోశం పట్టుకున్న కొసన తుప్పు పట్టిన మొల, మొల కింద ఇరుక్కొని నాలుగు ఎర్ర పోగులు. సమ్మవ్వ వాటిని నిన్న మాపున చూసింది. చూసి, దాన్ని కాల్చెయ్యాలనుకుంది. ఎందుకంటే నాలుగు దినాల కింద ఇసుక కాంట్రాక్టరు మనిషి అంబదాస్ ఇదే గల్లీలో నిలబడి చెప్పిన మాట ఆమె మరిచిపోలేదు. ఇసుక తీసిన గుంత చుట్టూ ఆరు కట్టెలు పాతామనీ, కొసలకు ఎర్రగుడ్డ కట్టామనీ, ఇప్పుడు ఐదే ఉన్నాయనీ, ఆరోది ఏమైందో మీరే చెప్పాలనీ అన్నాడు. క్వార్టర్ల లైనంతా ఒక్కటై అబద్ధాలకోరని వాణ్ణి తరిమింది. అందరి కంటే పెద్ద గొంతు సమ్మవ్వదే.

"నీకెప్పటి సంది ఎరుక?" అని అడిగింది ఇప్పుడు.

పోశం అరిచేతి మసి దులుపుకున్నాడు.

"అంబదాస్ వచ్చిన నాటి సందేనా?"

తల ఊపాడు.

"నాలుగొద్దులు. నాలుగొద్దుల సంది దీన్ని తలుపెనుక పెట్టుకొని నా చేతి బువ్వ తిన్నవు."

"తినలే," అన్నాడు పోశం. అది నిజమే. గిన్నెలు కడిగిన సమ్మవ్వకు తెలుసు.

*

బాయిలో ఆదివారానికి ప్లే డే అని పేరు. ఆట దినం. దినమైతే ఉంది, ఆడుకునే జాగా ఏదీ? పార్కు ఉంది ఆఫీసర్ల బంగ్లాల నడుమ. రెండు ఉయ్యాలలు, ఒక జారుడుబండ, నీళ్ళు చిమ్మే సిమెంటు కొంగ. దాని చుట్టూ గోడ, గోడకు గేటు, గేటుకు వాచ్‌మన్. బొగ్గు తవ్వేవాడి బిడ్డ ఆ గోడ మీద నుంచి కొంగను చూడవచ్చు, అంతే.

సుగుణ ఇంటర్ చదువుతోంది. పదిహేడేండ్లు. ఒకనాడు కాలేజీ నుంచి వస్తూ దోస్తులతో కలిసి గేటు తీసి ఉందని లోపలికి పోయింది. ఉయ్యాల మీద కూర్చున్నదాన్ని వాచ్‌మన్ వచ్చి లేపాడు. ఇంటికొచ్చి ఏడవలేదు. పెద్దబాపు పోశం దగ్గరికి వచ్చి, ఉయ్యాల ఊగే వయసు అయిపోయేలోపల మనకూ ఒక పార్కు వస్తదా అని అడిగింది. నవ్వుతూనే అడిగింది. పోశంకు ఆ నవ్వు గుచ్చుకుంది. గోదావరి ఎవడి అబ్బ సొత్తు, వచ్చే ప్లే డేకు నేనే కడతా ఉయ్యాల అన్నాడు.

కట్టాడు కూడా. రెండు ఇండ్ల వాళ్ళూ సద్దులు కట్టుకొని కట్ట మీది కాలిబాట పట్టి పాతరేవుకు పోయారు. ఒడ్డున ఏరుమద్ది చెట్టు కొమ్మకు మోకు వేసి, బాయి నుంచి తెచ్చిన చెక్కముక్కను పీటగా కట్టాడు. పిల్ల ఆకాశానికి ఎగిరింది. తర్వాత నీళ్ళకాడికి పోదామంది.

చెట్టుకూ నీళ్ళకూ నడుమ ఇసుక, చాప పరిచినట్టు చదునుగా ఉంది. ఎండాకాలం అక్కడే కాంట్రాక్టరు ఉపేందర్‌రావు లారీలు తిరిగాయి. బొగ్గు తీసిన ఖాళీలను పూడ్చడానికి ఇసుక కావాలి. భూమి కడుపు నింపడానికి ఏటి కడుపు తవ్వారు. వానకాలం వరద వచ్చి ఆ గుంతల మీద ఒండ్రు కప్పిపోయింది.

పోశం సర్దారు. షిఫ్టులో అందరి కంటే ముందు లోపలికి పోయి, ఎడమ అరిచెయ్యి పైకప్పుకు ఆనించి, కుడిచేత్తో కట్టె పెట్టి కొట్టి చూసేది అతనే. గట్టిగా పలికితే మంచి కప్పు. డొల్ల సప్పుడు వస్తే కింద మనిషి నిలబడవద్దు. సప్పుడు చూసి, "పోండ్రి" అన్నాకనే మిగతావాళ్ళు అడుగు వేస్తారు. ఆ అలవాటు నెత్తురులో ఉంది. ఇసుక మీదికి పిల్లను పోనిచ్చే ముందు కూడా కొట్టి చూద్దామనుకున్నాడు. తన కట్టె బాయి మీద ఉండిపోయింది. ఇసుకలో పాతి ఒక బోడి కట్టె కనిపించింది. పీకాడు. మోకాళ్ళ మీద కూర్చొని, అరిచెయ్యి ఇసుక మీద పరిచి, కొట్టాడు.

"పెద్దబాపూ, గిది బాయి గాదు," అని నవ్వింది సుగుణ.

గట్టిగానే పలికింది. నీళ్ళు తాగిన ఇసుక పైన బిగిసి ఉంటుందని, కింద ఏముందో చెప్పదని, బొగ్గుబాయి చదువు చదివినవాడికి తెలియలేదు. లేచి చేతులు దులుపుకొని, "పోండ్రి," అన్నాడు.

పిల్ల ఉరికింది. ఇరవై అడుగులు. మోకాళ్ళు, నడుము, అంతే. మర్నాడు పగటిపూట బెస్తవాళ్ళు వల వేసి తీశారు.

మిగతా ఐదు కట్టెలూ గుంతకు అవతల నీళ్ళ అంచున ఉన్నాయి, ఆ దినం వాటిని ఎవరూ పట్టించుకోలేదు. గుంతను చూపడానికి ఆ దిక్కున ఉన్న ఒకే ఒక్క గుర్తును తన చేతులతో పీకి, దానితోనే కొట్టి చూశాడని పోశంకు తెలిసింది అంబదాస్ వచ్చి లెక్క చెప్పిన నాడు. సద్దిగిన్నెలతో పాటు ఆ కట్టె కూడా ఇంటికి వచ్చింది. ఎవరు తెచ్చారో, ఎందుకు తెచ్చారో ఎవరికీ గుర్తు లేదు.

*

బయట చెప్పుల చప్పుడైంది. సమ్మవ్వ కట్టెను మంచం కిందికి తోసి కొంగుతో మొహం తుడుచుకుంది.

వచ్చింది యూనియన్ లీడరు హనుమండ్లు, అతని వెనక ఎల్లేశం. ఎల్లేశం ఎల్లక్క మొగుడు, పోశంకు సడ్డకుడు, పన్నెండేండ్లుగా ఒకే షిఫ్టు. ఎనిమిది దినాల గడ్డం. పెళ్ళాం పడుకున్న అర్ర దిక్కు ఒకసారి చూసి మంచం పట్టె మీద కూర్చున్నాడు. కట్టెకూ అతని మడమకూ జానెడు దూరం.

హనుమండ్లు కూర్చోలేదు. మైకు లేకుండా నాలుగు లైన్లకు వినపడే గొంతు అతనిది, ఆ పొద్దు తగ్గించి మాట్లాడాడు. నాలుగు గంటలకు ఎమ్మార్వో విచారణకు పాతరేవుకు వస్తాడు. అందరూ ఒకటే మాట మీద ఉండాలి. గుర్తు లేదు, జెండా లేదు, హెచ్చరించినవాడు లేడు. ఆ మాట నిలబడితే రేవులో ఇసుక తీయడం బందవుతుంది. ఒడ్డున మెట్లు, కార్మికుల పిల్లలకు పార్కు ఇవ్వాలని ఆరు వందల మంది వేలిముద్రలు వేసిన కాగితం అతని సంచిలో ఉంది. ఇన్నేండ్లు ఎవడూ ముట్టని కాగితం. ఇప్పుడు ముడతారు. పిల్ల పానం పోయింది గనుక ముడతారు.

"గా ఐదు కట్టెలు?" అని అడిగాడు పోశం.

"పిల్ల పోయినంక అంబదాస్ పాతిండు."

"నువ్వు జూసినవా?"

"చూడాల్నా, పోశమన్నా? వాళ్ళు మన దిక్కు ఎన్నడన్న నిజం చెప్పిండ్రా, మనం వాళ్ళకు చెప్పేందుకు?"

ఆ మాటలో తప్పేముంది? దొర కచేరీలో నిజం చెప్పి బాగుపడ్డ కూలివాడు ఈ జిల్లాలో ఎవడు?

అప్పుడు ఎల్లేశం పోశం మోకాలి మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువుగా ఉంది.

"అన్నా, బాయి మీద నన్నడుగుతుండ్రు. మీ సడ్డకుడు సప్పుడు జూసిండంట గదా, మరి ఎట్లాయె అని. నేనొక్కటే చెప్పిన. మా అన్న పొమ్మన్నడంటే అప్పటికి భూమి మంచిగనే ఉన్నది. ఎన్కకెల్లి మోసం జేసింది. పన్నెండేండ్లు నీ మాట మీద కండ్లు మూస్కొని పోయిన నేను. నీ మాటకు ఏం గాదు. నువ్వు ఫికర్ పెట్టుకోకు."

ఓదార్చవలసినవాడు ఎవడు, ఓదారుస్తున్నవాడు ఎవడు.

"ఎల్లేశం..." అని మొదలుపెట్టాడు పోశం.

సమ్మవ్వ చాయ్ గ్లాసులు తెచ్చి నడుమ పెట్టింది. గట్టిగా పెట్టింది. చాయ్ తొణికి నేల మీద పడింది.

"తాగుండ్రి. చల్లారుతది."

ముగ్గురూ తాగారు. వాళ్ళు వెళ్ళేటప్పుడు ఎల్లేశం అర్ర తలుపు దాకా పోయి, పెళ్ళాం వీపును చూసి, పిలవకుండానే తిరిగి వచ్చాడు.

*

"చెప్తవా?" అంది సమ్మవ్వ, తలుపు వేసి.

"చెప్త."

"చెప్తే ఎవలికి లాభం? ఉపేందర్‌రావు జీపెక్కి నవ్వుకుంట పోతడు. రేవు పాయె, మెట్లు పాయె, పార్కు పాయె. ఎల్లేశం నీ మొఖం జూస్తడా? నా చెల్లె నా ఇంట్ల నీళ్ళు ముట్టుతదా? పిల్ల ఎట్లాగూ రాదు."

"రాదు."

"మరి?"

పోశం గోడ దగ్గరికి పోయి అరిచెయ్యి ఆనించి, వేలి కణుపుతో కొట్టాడు. మంచం పట్టె మీద కొట్టాడు. ఖాళీ నీళ్ళ డ్రమ్ము మీద కొట్టాడు. సమ్మవ్వ భయపడి చూస్తోంది.

"అన్నీ ఒక్క తీర్గనే పలుకుతున్నయే," అన్నాడు. "ఎనిమిదొద్దుల సంది గిదే కత. రేపు డ్యూటీ ఎక్కాలె. నేను కొట్టి పొమ్మంటే ఎల్లేశం పోతడు. నామీద నమ్మకంతోని పోతడు. నాకే లేని నమ్మకం వానికెందుకుండాలె?"

సమ్మవ్వ వేరే దారిన వచ్చింది. అంత పెద్ద గుంతకు, మనుషులు నడిచే దిక్కున ఒక్క కట్టె. దాని పేలిక ఎప్పుడో కుళ్ళి రాలిపోయింది. అదొక గుర్తా? పశువును కట్టే గుంజ అనుకుంటారు ఎవరైనా. గుంత తవ్వింది కట్టె కాదు కదా, నువ్వు కాదు కదా అంది.

నిజమే. ఇంటి ఆడది వంటింట్లో నిలబడి చెప్పిన ఈ మాట ఏ కచేరీలోనూ రాసుకోరు. ఉపేందర్‌రావు గుంతకు పోశం కట్టె అడ్డం. గుంత అడుగంతా ఆ ఒక్క కట్టె వెనక దాక్కుంటుంది.

"గుర్తే," అన్నాడు పోశం. "ఉన్నది గదా. నేను పీకిన గదా."

వెనక అర్రలో చాప కదిలినట్టయింది.

సమ్మవ్వ తొంగి చూసింది. ఎల్లక్క వీపు అట్లనే ఉంది. "చెల్లె, జరన్ని నీళ్ళు తాగుతవా?" అని అడిగింది. చెంబు చాప పక్కన పెట్టి వచ్చింది.

మూడున్నరకు పోశం చొక్కా వేసుకొని బయటపడ్డాడు. సమ్మవ్వ పొయ్యి దిక్కు చూసింది. ఆరిపోయి ఉంది. మళ్ళీ అంటించే యాళ్ళ లేదు. అక్కడ నోరు తెరవకుండా ఈ మనిషిని ఆపాలంటే తాను పక్కన ఉండాలి. మంచం కింది కట్టెను ఇంకాస్త లోపలికి తన్ని, తలుపు దగ్గరేసి, మొగుని వెనక ఉరికింది.

*

లైన్లకు లైన్లు కదిలి వచ్చాయి. బాట ఆఫీసర్ల పార్కు గోడ పక్కనుంచే పోతుంది. గుంపును చూసి వాచ్‌మన్ స్టూలు మీది నుంచి లేచి నిలబడ్డాడు, గేటు మూయాలో వద్దో తెలియక. లోపల ఉయ్యాలలు రెండూ ఖాళీగా ఉన్నాయి.

కట్ట దాటితే పాతరేవు. ఏరుమద్దికి పోశం కట్టిన ఉయ్యాల ఇంకా ఉంది. దాన్ని విప్పడానికి ఎవరికీ చేతులు రాలేదు. గాలి లేదు. అయినా పీట సన్నగా కదులుతోంది.

ఇసుకలో ఐదు కట్టెలు. వాటి ఎర్రగుడ్డలు ఎండకు వెలిసి గులాబి రంగుకు దిగాయి. ఎనిమిది దినాల్లో ఏ గుడ్డా అట్లా వెలవదు. అందరికీ కనిపించింది. ఎవరూ చూడలేదు.

ఎమ్మార్వో చెట్టు కింద కుర్చీ వేసుకొని మోకాళ్ళ మీద ఫైలు పెట్టుకున్నాడు. కొంచెం దూరాన జీపు. ముందు సీట్లో ఉపేందర్‌రావు, తలుపు తెరిచి, ఒక కాలు బయట పెట్టి. తాతల నాటి దొరతనం పోయిందన్నారు, లారీల మీద తిరిగి వచ్చింది. అతను మాట్లాడడు. మాట్లాడేందుకు అంబదాస్ ఉన్నాడు.

"ఆరు కట్టెలు నేనే పాతిన, సాబ్. ఆరోది గా చెట్టుకు ఎదురుంగ. నక్కీ, పక్కా ఆరు. నా బిడ్డల మీద ఒట్టు," అన్నాడు అంబదాస్. ఆదిలాబాద్ దిక్కువాడు, మాటలో మరాఠీ తగులుతుంది. జనం వాణ్ణి తిట్టారు. పాపం, ఆ ఒక్క దినం వాడు నిజమే చెప్పాడు.

హనుమండ్లు చేయి లేపి జనాన్ని ఆపాడు. గుర్తు లేదు అన్నాడు. ఎల్లేశం కూడా అదే అన్నాడు, తల వంచుకొని. ఎమ్మార్వో రాసుకొని, ముందు నడిచినవాణ్ణి పిలవమన్నాడు.

పోశం వచ్చి నిలబడ్డాడు. ఎల్లేశం అతని పక్కకు వచ్చి భుజం ఆనించి నిలబడ్డాడు, కాపలాకు నిలబడ్డట్టు. ఆడవాళ్ళ గుంపులో సమ్మవ్వ కొంగు పండ్ల మధ్య పట్టుకొని ఉంది.

"మీరు చేసే పని?"

"సర్దారు, సాబ్."

"మీరే ముందు నడిచారట. ఇక్కడ గుర్తుగా ఏమైనా కనిపించిందా?"

ఆరు వందల వేలిముద్రలు ఒక దిక్కు. భుజానికి ఆనిన భుజం ఒక దిక్కు. "సాబ్, నేను..." అన్నాడు పోశం.

జనం చూపు పక్కకు తిరిగింది.

కట్ట మీది నుంచి ఎల్లక్క దిగుతోంది. ఎనిమిది దినాలుగా నిలబడని మనిషి, జుట్టు విరబోసుకొని, ఒక కట్టె ఊతంగా పెట్టుకొని ఇసుకలో అడుగు తీసి అడుగు వేస్తోంది. జనం దారి ఇచ్చారు. ఆమె ఎమ్మార్వోను చూడలేదు, జీపును చూడలేదు, మొగుణ్ణి చూడలేదు. పోశం ముందుకు వచ్చి ఆగి, కట్టెను అతని చేతికి ఇచ్చింది.

"బావా, మళ్ళొక్కసారి కొట్టు," అంది. గొంతు బొంగురు పోయింది. "సప్పుడు జూసి పొమ్మను. నేను పోత."



పోశం చేతిలో కట్టె కొస పైకి తిరిగి ఉంది. తుప్పు మొల. నాలుగు పోగులు. రెండో కొసన కాలిన మరక. అంబదాస్ నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు. ఎల్లేశం ఆ కట్టెను చూశాడు. ఇసుకలోని ఐదింటినీ చూశాడు. అదే టేకు, అదే ఎత్తు. భుజానికి ఆనిన భుజం పక్కకు జరిగింది.

పోశం మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎడమ అరిచెయ్యి ఇసుక మీద పరిచాడు. కుడిచెయ్యి లేచింది, లేచి ఆగిపోయింది. ఎల్లక్క అప్పటికే ఐదు కట్టెల దిక్కు అడుగు వేసింది. ఇంకో అడుగు వేసింది.

పోశం కట్టెను ఆమె కాళ్ళకు అడ్డంగా పెట్టాడు.

"పోకు, ఎల్లక్కా. డొల్ల." తల ఎత్తకుండానే ఎమ్మార్వో దిక్కు మాట విసిరాడు. "రాస్కోండ్రి, సాబ్. గిదే ఆరో కట్టె. పిల్ల పోకముందు నేనే పీకిన."

ఆడవాళ్ళ గుంపులో సమ్మవ్వ కొంగు మొహం మీదికి లాక్కుంది. హనుమండ్లు సంచిని కడుపుకు అదుముకున్నాడు. జీపులోంచి ఉపేందర్‌రావు మొదటిసారి మాట్లాడాడు, మెల్లగా, పక్కింటివాణ్ణి పలకరించినట్టు.

"ఒప్పుకున్నడు. రాసుకోండి సార్, ఇగ పోదాం."

"గుంత గూడ రాయుండ్రి," అన్నాడు పోశం. "కట్టె పీకింది నేను. గుంత తవ్వింది నేను గాదు."

ఎమ్మార్వో కలం కాగితం మీద ఆగింది. జీపు ఇంజను మొదలైంది.

ఎల్లేశం వంగి, పెళ్ళాం కాళ్ళ ముందున్న కట్టెను తీసుకున్నాడు. రెండు చేతులా పట్టుకున్నాడు. ఒక దిక్కు మోకాళ్ళ మీద పోశం, వంచిన మెడ. ఇంకో దిక్కు బయటికి చాచిన కాలును లోపలికి తీసుకుంటున్న ఉపేందర్‌రావు. నడుమ నిలబడి, కట్టె కొసన ఉన్న నాలుగు పోగులను వేలితో ముట్టి చూసి, ఎల్లేశం తల ఎత్తాడు.